చూడకుండా పోసిన బియ్యం

శనివారం ఉదయం ఎనిమిది గంటలకి శాలేమురాజు గారు హాల్లో సోఫాలో కూర్చుని పేపర్లో తన ఫోటో తానే చూసుకుంటున్నారు. ముందురోజు సాయంత్రం ఊళ్ళో ఏదో క్లబ్బువాళ్ళు పిలిచి శాలువా కప్పారు. ఆ వార్త లోపలి పేజీలో అగ్గిపెట్టెంత పడింది. అగ్గిపెట్టెంత వార్తని అరగంట నుంచి చదువుతున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

"స్వర్ణా, చూశావా? 'ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఎదిగిన విద్యావేత్త' అని రాశారు," అని వంటింట్లోకి కేకేశారు.

"చూశానండి. పోయినేడు కూడా అదే రాశారుగా," అంది భార్య స్వర్ణలత, పెనం మీద పెసరట్టు తిరగేస్తూ.

ఆ మాట పేపరువాళ్ళు రాసింది కాదు. ఆయనే కాగితం మీద రాసి పంపించింది. తెనాలిలో ఆయనకొక ప్రైవేటు స్కూలు ఉంది. ఆ స్కూలు గేటు మీదా అదే మాట, పిల్లల డైరీ అట్ట మీదా అదే మాట, వార్షికోత్సవంలో ముప్పావుగంట ఉపన్యాసమూ అదే మాట. ఏ కూలితల్లి అయినా వచ్చి ఫీజు కాస్త తగ్గించండి సారూ అంటే, ఆవిణ్ణి కూర్చోబెట్టి తను ఎలా ఎదిగిందీ ఇరవై నిమిషాలు చెప్పి పంపిస్తారు. ఫీజు మాత్రం తగ్గించరు.

అసలు సంగతేమిటో మీకు ముందే చెప్పేస్తాను. అది పచ్చి అబద్ధం. రేపల్లె దాటాక కృష్ణ ఒడ్డున పెనుమూడి ఉందే, ఆ ఊళ్ళో తండ్రి లేని శాలేమురాజుని పదహారు మంది కూలి ఆడవాళ్ళు చదివించారు. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక్కొక్కరూ పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం గుడికి, అంటే ఊళ్ళో చర్చికి, తెచ్చేవాళ్ళు, పిల్లాడు హాస్టల్ నుంచి వచ్చి పట్టుకెళ్ళేవాడు. రేపల్లె హాస్టల్లో బియ్యం ఇస్తే గాని పిల్లాణ్ణి ఉంచుకునేవాళ్ళు కారు. అక్కడ ఆరేళ్ళు, తర్వాత బాపట్ల కాలేజీలో మరికొన్నేళ్ళు, ఆయన తిన్న ప్రతి మెతుకూ ఆ పిడికిళ్ళలోంచి వచ్చిందే.

ఈ సంగతి ఆ ఇంట్లో ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆయన తల్లి రూతమ్మకి. పెళ్ళయిన వారానికే కొడుకు ఆవిడ చెయ్యి బైబిలు మీద పెట్టించి, పెనుమూడి బియ్యం మాట ఈ ఇంట్లో ఎత్తనని మాట తీసుకున్నాడు. రూతమ్మ ఇచ్చిన మాట తప్పలేదు. కానీ పొయ్యి పక్కన ఒక పాత డాల్డా డబ్బా పెట్టుకుంది. కోడలు బియ్యం కడగబోయే ముందు రోజూ అందులోకి ఒక పిడికెడు తీస్తుంది. నెలకోసారి రేపల్లె వైపు వెళ్ళే ఎవరి చేతనో ఆ బియ్యం పంపిస్తుంది. ముసలావిడ చాదస్తం అనుకుంది స్వర్ణలత. శాలేమురాజు గారు మాత్రం దానికి 'ముష్టి డబ్బా' అని పేరు పెట్టారు.

ఆ రోజు కూడా మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళి దాన్ని చూశారు. "ఇంకా పారెయ్యలేదా ఈ ముష్టి డబ్బా? రేపు ఎవరైనా పెద్దవాళ్ళు ఇంటికొస్తే పరువు పోతుంది," అన్నారు.

"పెద్దవాళ్ళు వంటింట్లోకెందుకొస్తారు అబ్బాయ్?" అంది రూతమ్మ, డబ్బా మూత తుడుస్తూ.

ఇక కూతురు రూబీ సంగతి. బాపట్లలో ఎంబీఏ చదువుతోంది. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రం వస్తుంది. తండ్రి గొప్పలు సగం ఆ పిల్లకీ వచ్చాయి. 'పిల్లల చదువు కోసం విరాళాల సేకరణ' అని ప్రాజెక్టు ఇస్తే, కదలకుండా కుర్చీలో కూర్చుని ఒక్క రాత్రిలో చేసేసింది. నెట్లో దొరికిన ఏడుపు మొహాల పిల్లల బొమ్మలు, వాటి మీద ఎర్ర బాణాలు, పచ్చ గుండ్రాలు. బాపట్ల జిల్లా పిల్లల గురించి చెబుతూ చూపించిన పాప ఏ ఖండం పాపో దేవుడికే తెలియాలి.

"ఈ పాపది ఏ ఊరమ్మా?" అని అడిగింది కాలేజీలో మేడమ్. రూబీకే తెలియదు. "రెండు వారాలు టైమిస్తాను, నీ కళ్ళతో చూసిన ఒక పద్ధతి తీసుకురా. మీ చుట్టుపక్కల మనుషులు, నిజంగా చేసింది. లేదా ఈ సెమిస్టర్లో నీకు ప్రాజెక్టు లేనట్టే," అంది మేడమ్.

ఆ గడువు ఈ సోమవారమే. పైగా ఆ రోజు తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. విద్యావేత్త కదా, శాలేమురాజు గారికి ముందు వరసలో కుర్చీ వేస్తామని విడిగా ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆ కుర్చీ కోసం ఆయన కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నారు.

దిక్కు తోచక తిరుగుతున్న రూబీ కంటికి నాయనమ్మ డాల్డా డబ్బా ఆనింది. ఇదేంటి నాయనమ్మా అని అడిగింది. రూతమ్మ మాట తప్పలేదు, నోరు విప్పలేదు. "ఆదివారం నాతో పెనుమూడి రా, నువ్వే చూద్దువుగాని," అంది అంతే. పోయిన ఆదివారం ఇద్దరూ రేపల్లెలో చుట్టాల ఇంటికని చెప్పి వెళ్ళారు. రూబీ ఫోన్లో వీడియో తీసుకుని వచ్చింది. వారమంతా కూర్చుని ప్రెజెంటేషన్ మళ్ళీ మొదటి నుంచి చేసింది.

ఈ శనివారం తండ్రి టిఫిన్ అవగానే రూబీ ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించి హాల్లో టీవీకి కలిపింది. "డాడీ, మీరు జడ్జి అనుకోండి. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి," అంది.

తప్పులు చెప్పడానికి ఆయన మొహమాటపడ్డ రోజంటూ లేదు. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. "విరాళాలు అడగడం కూడా కాలేజీలో నేర్పుతున్నారా ఇప్పుడు? మంచిదే. రైళ్ళలో పళ్ళేలు పట్టుకుని తిరిగేవాళ్ళకి కూడా ఒక సర్టిఫికెట్ ఇస్తే సరి," అన్నారు.

"డాడీ, ప్లీజ్, ముందు చూడండి."

"చూస్తున్నా, చూస్తున్నా. కానివ్వు. చదువుకోవాలన్న కసి ఉన్నవాడు ఎలాగైనా చదువుకుంటాడు. నేను చదువుకోలేదూ? నాకెవరు పెట్టారు?"

గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న రూతమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. తలెత్తలేదు.

టీవీలో మొదట శీర్షిక వచ్చింది. తర్వాత చిన్న గుడి. వరండాలో ఎనభై దాటిన ముసలమ్మ. కళ్ళకి పొర కమ్మి ఉంది. "నా పేరు అచ్చమ్మ. మా గుడి స్త్రీల సమాజంలో ఇప్పుడు పాతోళ్ళం ఇద్దరమే మిగిలాం. మాకేముందమ్మా ఇవ్వటానికి? వండుకునే బియ్యంలోంచి పిడికెడు తీసేదాన్ని. పిల్లలకి తగ్గకుండా నా కంచంలో తగ్గించుకునేదాన్ని. మొట్టమొదట ఒక పిల్లోడి కోసం మొదలెట్టాం. ఆడి తర్వాత పద్దెనిమిది మంది," అంది ముసలమ్మ.

శాలేమురాజు గారి కాలు మీది కాలు కిందికి దిగింది.

తర్వాత గుడి లోపల. బలిపీఠం ముందు ఒక ఆడపిల్ల సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడింది. ఆడవాళ్ళు వరసలో ఒక్కొక్కరే వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, చేతిలో బియ్యం సంచిలో పోసి వెళ్ళిపోతున్నారు. కొన్ని గింజలు నేల మీద రాలుతున్నాయి.

"వీళ్ళకి కెమెరా అంటే సిగ్గు డాడీ. నేను ఫోన్ పట్టుకునేసరికి అందరూ మొహాలు తిప్పేసుకున్నారు," అని నవ్వింది రూబీ. "ఇదిగో, ఇప్పుడొచ్చేది చూడండి. అసలు హైలైట్ ఇదే."

తెర మీద బూడిదరంగులో ఖాళీ మనిషి బొమ్మ వచ్చింది. దాని కింద 'మొదటి విద్యార్థి ఎవరు?' అని ఉంది.

"ఆయన్ని వెతికి సోమవారం స్టేజీ మీదికి తీసుకురావాలని నా ప్లాన్. నాయనమ్మని అడిగితే చెప్పదు. అచ్చమ్మ గారిని అడిగితే నాయనమ్మ వంక చూసి ఊరుకుంది. మీకు రేపల్లెలో చాలామంది తెలుసు కదా డాడీ, కాస్త కనుక్కోరూ?"

"తీసెయ్," అన్నారు శాలేమురాజు గారు.

"ఏంటి?"

"పెనుమూడి మొత్తం తీసెయ్. ఈ వీడియో, ఈ బొమ్మ, అంతా. మళ్ళీ చెప్పించుకోకు."

రూబీకి అర్థం కాలేదు. "ఎందుకు డాడీ? ఇది తీసేస్తే నా దగ్గర ఇంకేం లేదు. నా సెమిస్టర్ పోతుంది."

"పోతే పోనీ. వచ్చే ఏడు మళ్ళీ రాద్దువుగాని. నా కూతురు వందమంది ముందు నిలబడి ముష్టిని ఒక పద్ధతని చెబుతుంటే నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాలా?"

"ముష్టేంటి డాడీ? వాళ్ళేం అడుక్కోలేదు. వాళ్ళే తెచ్చి పోశారు."

"పోశారు! ఎలా పోశారో కళ్ళతో చూశావుగా? కెమెరాకి సిగ్గా? ఏ కెమెరా లేనప్పుడు కూడా అలాగే పోశారు. మొహం పక్కకి తిప్పుకుని, వీధికుక్కకి అన్నం విదిలించినట్టు. సగం సంచిలో, సగం నేల మీద! వాళ్ళు చేతులు దులుపుకుని పోతే నేల మీద గింజలు ఎవరేరాలి? ఊరంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని ఎవరేరారు? నేనేరాను!"

అనేశారు. అన్నాక గాని తెలియలేదు ఆయనకి, ఏమన్నారో.

పెనం మీద ఆఖరి పెసరట్టు మాడిన వాసన వస్తోంది. స్వర్ణలత అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. టీవీలో ఆ ఖాళీ బొమ్మ అలాగే ఉంది. రూబీ దాని వంక చూసింది, తండ్రి వంక చూసింది.

"మీరా డాడీ?" అంది మెల్లగా.

ఆయన టీవీ ఆపడానికి రిమోట్ వెతుక్కున్నారు.

ముందు తేరుకుంది స్వర్ణలతే. "ఇరవై నాలుగేళ్ళు కాపురం చేశాను," అంది. "ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని రోజూ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మా నాన్న నాకు గాజులు చేయిస్తే 'మీవాళ్ళకి ఇవ్వడం తప్ప కష్టపడడం తెలీదు' అన్నారు మీరు. గుర్తుందా? పోయిన జూన్లో ఒకావిడ కొడుకు ఫీజు కోసం వచ్చి మన గేటు దగ్గర ఏడ్చింది. ఆవిడకి కూడా ఇదే కథ చెప్పి పంపించారు కదండీ!"

"చెయ్యి చాచలేదు," అన్నారు శాలేమురాజు గారు. "సంచి పట్టుకున్నానంతే."

ఇంత పెద్ద మనిషి, ఇన్ని శాలువాల మనిషి, ఆఖరికి దొరకబుచ్చుకున్న మాట అది. రూబీకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తండ్రిని చూస్తే మొదటిసారి చులకనగా అనిపించింది. "వాళ్ళ బియ్యం తిని, వాళ్ళని తిడుతున్నారా డాడీ?" అంది. "అచ్చమ్మ గారి కంచంలో అన్నం అది."

"నీకేం తెలుసే!" అని అరిచారాయన. "పదకొండేళ్ళ పిల్లాణ్ణి. ప్రతి ఆదివారం. ఒక్కరంటే ఒక్కరు నా మొహం చూసేవాళ్ళు కాదు. చూస్తే అంటుకుంటుందేమో దరిద్రం! వాళ్ళేం కోటీశ్వరులా, నాలాంటి కూలివాళ్ళేగా? వాళ్ళకి కూడా నేను కంటికి ఆనలేదు. ఆ రోజే అనుకున్నాను, ఒక్కసారి బయటపడితే మళ్ళీ ఈ ఊరి మొహం చూడకూడదని. చూడలేదు. ఇప్పుడూ చూడను."

చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి రూతమ్మ లేచింది. మోకాలి నొప్పితో లేవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎవ్వరూ చెయ్యి ఇవ్వలేదు, అందరూ అంత దిమ్మెరపోయి ఉన్నారు.

"రూబీ, అచ్చమ్మ చెప్పిన మిగతాది వెయ్యి," అంది.

"మిగతాదేంటి నాయనమ్మా?"

"చాలాసేపు చెప్పిందిగా. ఇందులో నాలుగు ముక్కలే ఉన్నాయి. మిగతాది ఏం చేశావు?"

రూబీ మొహం వాడిపోయింది. "అది కోసేశాను. ఐదు నిమిషాలుంది, సాగిందని. అప్పుడు నా ఫ్రెండ్ శ్రీవల్లి నీ ఫోన్‌కి చేస్తే, నా ఫోన్ గోడకి ఆనించి, నీది తీసుకుని బయటికెళ్ళి మాట్లాడాను. తర్వాత కూడా వినలేదు నాయనమ్మా."

చూశారా! తండ్రేమో నలభై ఏళ్ళుగా వినలేదు. కూతురు వీడియో తీసి కూడా వినలేదు. ఆ ఇంట్లో చదువులకేం తక్కువ లేదు.

"అమ్మా, నాకు మాట ఇచ్చావు," అన్నారు శాలేమురాజు గారు.

"ఇచ్చాను. నేను చెప్పట్లేదు. అచ్చమ్మ చెబుతుంది," అంది రూతమ్మ. "నోరు మూసుకుని కూర్చో."

కొడుకుతో ఆవిడ అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఆయన కూర్చున్నారు. ఆవిడా పక్క కుర్చీలో కూర్చుంది.

రూబీ ఫోన్లో వెతికి, పాత వీడియో టీవీలో పెట్టింది. మళ్ళీ అదే వరండా, అదే ముసలమ్మ.

"మొదటి ఆదివారం ఆ పిల్లోడు సంచి పట్టుకుని నిలబడ్డాడమ్మా. చొక్కాకి బొత్తాలు కూడా లేవు. మేమందరం వరసలో ఎళ్ళి పోశాం. మా ఊరి పిల్లోడు రేపల్లెలో చదవబోతన్నాడని మురిపెంగా ఆడి మొకంలోకే చూశాం. ముద్దొచ్చి చూశాం తల్లీ. ఆ మజ్జాన్నం ఆళ్ళమ్మ మా ఇంటికొచ్చి కూలబడింది. పిల్లోడు మంచం కింద దూరాడంట. రమ్మంటే రాడంట. 'అందరూ నన్నే చూస్తన్నారు, నేను గుడికి రాను, నాకు సదువూ వద్దు' అని ఒకటే ఏడుపంట."

శాలేమురాజు గారు సోఫా అంచు పట్టుకున్నారు.

"ఏం చెయ్యాలి? బోరింగు కాడ పదహారు మందిమీ మాట్టాడుకున్నాం. ఆడు లేకుండానే ఇద్దాం అంది ఒకామె. ఎవరి కోసం పోస్తామో ఆళ్ళని సంఘం ముందు నిలబెట్టటం అప్పటి పాస్టరు అయ్యగారు పెట్టిన కట్టుబాటు. తప్పదు. పోనీ మానేద్దామంటే, ఆడు హాస్టల్లో ఏం తింటాడు? అప్పుడు నేనన్నాను. 'ఆణ్ణి చూడకుండా పోద్దాం. మొకం పక్కకి తిప్పుకుని పోద్దాం. ఎవరెంత పోశారో మనకీ తెలవదు, ఆడి కళ్ళల్లో నీళ్ళూ మనకి కనపడవు' అని. అందరూ సరేనన్నారు. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఆణ్ణి చూడలేదమ్మా మేము. చూడాలని ఉండేది. బిగబట్టుకునేవాళ్ళం."

ముసలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చూడకుండా పోస్తే కింద పడవా మరి? పడేయి. ఆడే వంగి ఏరుకునేవాడు. మేము వంగితే ఆడికి నామోషీ అని మేం వంగేవాళ్ళం కాదు. ఇంటికొచ్చి నేను ఏడ్చేదాన్ని. ఇప్పటికీ మా ఊళ్ళో అంతే, సంచి పట్టుకున్న పిల్లల మొకం ఎవరం చూడం. ఎందుకో ఇప్పటి కోడళ్ళకి తెలవదు. అత్తలు అట్టా పోశారని ఆళ్ళూ అట్టాగే పోస్తారు. ఆ మొదటి పిల్లోడు పెద్దోడయ్యాడంట. తెనాలిలో ఉన్నాడంట. ఇటు రాడు. రాకపోతే ఏం? కడుపు నిండా అన్నం తింటన్నాడుగా."

వీడియో అయిపోయింది. శాలేమురాజు గారు తెర వంకే చూస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడు చెబితే నువ్వు ఏడ్చిన సంగతి నేను ఊరంతా చెప్పానని చదువు మానేస్తావని భయం," అంది రూతమ్మ. "కాస్త పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెనుమూడి అనగానే లేచి వెళ్ళిపోయేవాడివి. తర్వాత బైబిలు మీద చెయ్యి పెట్టించావు. ఇన్నేళ్ళూ ముష్టి ముష్టి అని ఆ తల్లుల్ని నువ్వు తిడుతుంటే ఈ ఇంట్లో కూర్చుని విన్నాన్రా. నీ ఇంట్లో అన్నం తింటూ విన్నాను. నీ శాలువాలు మడతపెడుతూ విన్నాను. ఒక్కరోజైనా ఆ అన్నం నాకు సయించిందనుకున్నావా?"

ఆయన లేచి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో తల పెట్టి, యాభై నాలుగేళ్ళ మనిషి, బావురుమని ఏడ్చారు. రూతమ్మ తల నిమరలేదు వెంటనే. కాసేపు అలా ఏడవనిచ్చింది. తర్వాత చెయ్యి వేసింది.

మర్నాడు ఆదివారం. స్వర్ణలత తెల్లవారుజామునే లేచి వంటకి బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడగబోతుంటే వెనక నుంచి "ఆగు" అని వినిపించింది. శాలేమురాజు గారు స్నానం చేసి, పాత చొక్కా వేసుకుని నిలబడి ఉన్నారు. గిన్నెలో చెయ్యి పెట్టి పిడికిలి నిండా తీశారు.

"అంత తీస్తే నలుగురికీ చాలదండి," అంది స్వర్ణలత.

"నా కంచంలో తగ్గించు," అన్నారాయన. బియ్యం చేతిరుమాల్లో ముడి వేసుకుని జేబులో పెట్టుకున్నారు.

స్వర్ణలత ఆ మాటకి కరిగిపోయిందనుకోకండి. "ఆ జూన్లో వచ్చినావిడ నంబరు స్కూల్లో ఉంటుంది. రేపు బాపట్ల వెళ్ళే ముందు ఆవిడకి ఫోన్ చెయ్యండి. అప్పుడు నమ్ముతాను," అంది. ఆయన తల ఊపారు.

కారు పెనుమూడి దారిలో రేపల్లె దాటింది. వెనక సీట్లో రూబీ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ ఖాళీ బొమ్మలో నా ఫోటో పెట్టు," అన్నారు శాలేమురాజు గారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "శాలువా ఉన్నది వద్దు. రేపు ఆ ముందు వరస కుర్చీ కూడా వద్దు. నువ్వు పిలిచినప్పుడు స్టేజీ మీదికి వచ్చి నేనే చెబుతాను."

"ఏం చెబుతారు డాడీ?"

"వినలేదని చెబుతాను," అన్నారాయన.

పెనుమూడి గుడిలో ఆరాధన సగం అయ్యాక స్త్రీల సమాజాన్ని పిలిచారు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి సంచి మూతి తెరిచి బలిపీఠం ముందు నిలబడింది. రెండు జడలు, ఇస్త్రీ లేని పరికిణీ, నేల చూపులు. ఆడవాళ్ళు వరస కట్టారు. రూతమ్మ తన డాల్డా డబ్బాతో వెళ్ళి నిలబడింది. ఆ వరస చివర ఒకే ఒక్క మగవాడు నిలబడేసరికి కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. శాలేమురాజు గారు పట్టించుకోలేదు. రూబీ అలవాటుగా ఫోన్ తీసింది. ఆ పిల్లని చూసి, ఫోన్ తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

ఆయన వంతు వచ్చింది. చేతిరుమాలు విప్పి బియ్యం పిడికిట్లోకి తీసుకున్నారు. మొహం పక్కకి తిప్పుకుని పోశారు. చూడకుండా పోసేసరికి సగం గింజలు నేల మీద పడ్డాయి.

ఆ పిల్ల సంచి పక్కన పెట్టి వంగబోయింది. అప్పటికే ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"వదిలెయ్యండి సార్, నేను ఏరతాను," అంది ఆ పిల్ల కంగారుగా.

"వద్దమ్మా. నాకు అలవాటే," అన్నారాయన, తలెత్తకుండా. ఒక్కొక్క గింజే ఏరి సంచిలో వేస్తున్నారు.

పోసి పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలోంచి అచ్చమ్మ కర్ర తడుముకుంటూ ముందుకొచ్చింది. "ఎవరో మగమనిషి ఏరతన్నాడే. ఎవరయ్యా నువ్వు?"

"నేను పిన్నమ్మా. శాలేమురాజుని."

ఆ ముసలమ్మ వంగి, పొర కమ్మిన కళ్ళతో ఆయన మొహంలోకి చూడబోయింది. నలభై ఏళ్ళుగా చూడాలనుకున్న మొహం అది. కానీ ఆయన ఏడుస్తున్న చప్పుడు ఆమెకి వినిపించింది. చప్పున మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఆమె వెనకున్న ఆడవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, ఒక్కొక్కరూ మొహాలు తిప్పుకున్నారు. రూతమ్మ తిప్పుకుంది, స్వర్ణలత తిప్పుకుంది. రూబీ కూడా కిటికీ వైపు తిరిగి, ఆయన గింజలు ఏరడం అయ్యేదాకా అటే చూస్తూ నిలబడింది.